పసివాళ్ళ జలుబుకు కావలసింది కాపలా



ఈ పేజీలో నేను మామూలుగా స్పెల్లింగుల గురించో, కథల పుస్తకాల గురించో, ఇంట్లో పిల్లలతో ఇంగ్లీష్ ఎలా మాట్లాడించాలన్నదాని గురించో రాస్తుంటాను. ఈ నెల విషయం వేరు. చలికాలం వచ్చేసరికి మా ఒకటో తరగతిలో అటెండెన్స్ పిలుస్తుంటే "ప్రెజెంట్ మిస్" అనే గొంతుల్లో చాలావరకు ముక్కులోంచే వస్తున్నాయి. ఒకడు చేతిలోకి తుమ్ముతాడు. పక్కవాడు వాడి దగ్గర రబ్బరు అడిగి తీసుకుంటాడు. చెరిపేసి, అదే చేత్తో కళ్ళు నులుముకుంటాడు. జలుబు ఒక బెంచీ మీది నుంచి ఇంకో బెంచీ మీదికి వెళ్ళడం నేను రోజూ కళ్ళారా చూస్తుంటాను.

సాయంత్రం అదే జలుబు స్కూల్ బస్సెక్కి మీ ఇంటికి వస్తుంది. ఒకటో తరగతి పిల్లవాడు రెండు రోజులు ముక్కు తుడుచుకుని మూడో రోజు మళ్ళీ ఆటల్లో పడతాడు. ఇంట్లో అంతకంటే చిన్నవాళ్ళు, చంటిపిల్లలో ఏడాది రెండేళ్ళ వాళ్ళో ఉంటే మాత్రం అది వాళ్ళ దగ్గర తిష్ఠ వేస్తుంది. మా ఇంటికీ అలాగే వస్తుంది. కాకపోతే మా ఇంటికి మోసుకెళ్ళేది నేనే. మా బాబుకి పదమూడు నెలలు. పోయిన నెలలో వాడికి వచ్చిన జలుబు మా ఇంటిల్లిపాదికీ ఒక వారం రోజుల పాఠం చెప్పింది. ఆ వారంలో తెలుసుకున్నవి, డాక్టరు గారు చెప్పినవి, మా పిన్ని నేర్పినవి మీతో పంచుకుందామని ఇది రాస్తున్నాను.

ముందు ఒక చిన్న లెక్క

జలుబు అని మనం ఒకే పేరుతో పిలుస్తాం కానీ, దాన్ని తెచ్చే వైరస్‌లు రెండు వందలకు పైనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం రైనోవైరస్ అనే కుటుంబానివి. పసివాళ్ళ ఒంటికి ఇవన్నీ కొత్తవే. ఒక్కొక్కదాన్నీ ఎదుర్కొని, గుర్తుపెట్టుకుంటూ పోవాలి. అందుకే ఐదేళ్ళలోపు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు రావడం మామూలే అంటారు డాక్టర్లు. ఒక్కో జలుబు ఏడు నుంచి పది రోజులు ఉంటుంది. దగ్గు రెండు మూడు వారాలు కూడా లాగుతుంది. ఎనిమిది సార్లు, సారికి పది రోజులు అనుకుంటే, ఏడాదిలో 80 రోజులు. "మా వాడికి ఎప్పుడు చూసినా ముక్కు కారుతూనే ఉంటుంది మేడమ్, ఏదో లోపం ఉన్నట్టుంది" అని పేరెంట్స్ మీటింగులో దిగులు పడే అమ్మలకు నేనిప్పుడు ఈ లెక్కే చెబుతున్నాను. బరువు పెరుగుతూ, తింటూ, ఆడుకుంటూ ఉన్న పిల్లల్లో అది లోపమేమీ కాదు. వాళ్ళ ఒళ్ళు పాఠాలు నేర్చుకుంటోంది.

ఇంకో మాట. జలుబు చలిగాలికి పుట్టదు, అరటిపండుకీ పెరుగుకీ పుట్టదు. వైరస్ ఉన్నవాళ్ళ తుమ్ముల నుంచి, దగ్గు నుంచి, వాళ్ళ చేతులు తగిలిన వస్తువుల నుంచి వస్తుంది. చలికాలంలో కిటికీలు మూసుకుని అందరం ఒకే గదిలో ఉంటాం కాబట్టి అప్పుడు ఎక్కువగా పాకుతుంది. అరటిపండు మానిపించడం వల్ల పిల్లవాడికి ఒక మంచి తిండి పోతుంది తప్ప జలుబు పోదు.

అయితే పెద్దవాళ్ళ జలుబూ పసివాళ్ళ జలుబూ ఒకటి కాదు. మనకు ముక్కు దిబ్బడేస్తే నోటితో ఊపిరి తీసుకుంటాం, గట్టిగా చీదేస్తాం. మొదటి కొన్ని నెలల్లో పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. చీదడం ఏడాదిన్నర, రెండేళ్ళు వచ్చినా రాదు. ముక్కు మూసుకుపోతే పాలు పట్టలేరు. రెండు గుక్కలు తాగి, ఊపిరాడక వదిలేసి ఏడుస్తారు. ఆకలికీ నిద్రకీ ఒకేసారి గండి పడుతుంది. "పడిశం పది రోగాల పెట్టు" అన్న సామెత పెద్దవాళ్ళకు వర్తించినా వర్తించకపోయినా, చంటిపిల్ల ఉన్న ఇంట్లో రెండో రాత్రికల్లా అర్థమవుతుంది.

సీసా మీది చిన్న అక్షరాలు

మొదటి రోజు సాయంత్రం మావారు మెడికల్ షాపుకి వెళ్ళారు. "ఏడాది బాబుకి జలుబు" అనగానే కౌంటర్లో కుర్రాడు ఒక సిరప్పు తీసి ముందు పెట్టాడట. మావారు దాన్ని ఫోటో తీసి నాకు పంపించారు. ఇంగ్లీష్ చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి నాకు లేబుల్ చదవడం అలవాటు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ అని రెండు పేర్లు, వాటి కింద నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదు అన్న హెచ్చరిక. ఈ రెండు మందుల మిశ్రమం మీద ఆ హెచ్చరిక ముద్రించాలని మన దేశ ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులోనే ఆదేశించారు. సిరప్పు అక్కడే వదిలేసి రమ్మన్నాను.

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా ప్రాంతంలో దగ్గు సిరప్పు తాగిన చిన్నపిల్లలు కిడ్నీలు చెడిపోయి చనిపోయిన వార్త మనందరం చదివాం. ఆ సిరప్పులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. ఆ తరువాత 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ రాష్ట్రాలకు ఒక సూచన పంపింది. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఇవ్వకూడదు. ఐదేళ్ళలోపు వాళ్ళకు మామూలుగా వద్దు. సిరప్పులో కల్తీ లేకపోయినా ఈ మాట వర్తిస్తుంది. ఎందుకంటే ఆ వయసులో అవి జలుబును తగ్గించవు. మత్తు, గుండెదడ లాంటి ఇబ్బందులు మాత్రం తేగలవు.

మరి ఇంట్లో ఏం ఉండాలి? మా డాక్టరు గారు రెండే చెప్పారు. ఒకటి, ఉప్పునీటి ముక్కు చుక్కలు. సీసా మీద సోడియం క్లోరైడ్ అని ఉండాలి. షాపులో ఒట్టి "ముక్కు చుక్కలు" అని అడిగితే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ లాంటి మందు చుక్కలు కూడా ఇచ్చే వీలుంది. చూడటానికి సీసాలన్నీ ఒకేలా ఉంటాయి. వాటిని డాక్టరు చెప్పకుండా పసివాళ్ళకు వేయకూడదు.

రెండోది, జ్వరానికి పారాసిటమాల్. ఇక్కడ దయచేసి కాస్త నిదానంగా చదవండి. పిల్లల పారాసిటమాల్ మన షాపుల్లో కనీసం మూడు రకాలుగా దొరుకుతుంది. 5 మి.లీ.లో 125 మి.గ్రా. మందు ఉండే సిరప్పు ఒకటి. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండేది ఒకటి. ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉండే డ్రాప్స్ ఇంకొకటి. మా బాబు బరువు తొమ్మిది కిలోలు. వాడికి డాక్టరు రాసింది మొదటి రకం, 5 మి.లీ. అదే 5 మి.లీ. డ్రాప్స్ సీసాలోంచి పోస్తే 500 మి.గ్రా. అవుతుంది, అంటే నాలుగు రెట్లు. కాబట్టి "మా పిల్లకి ఐదు ఎమ్మెల్ వేశాను, తగ్గింది" అని పక్కింటివాళ్ళు చెప్పే కొలత మనకు పనికిరాదు. వయసును బట్టి కాదు, బరువును బట్టి డాక్టరు గారి చేత రాయించుకోండి. సీసా మారితే కొలత మళ్ళీ అడగండి. నాలుగు నుంచి ఆరు గంటల ఎడం లేకుండా రెండో మోతాదు వేయకండి. యాస్పిరిన్ పిల్లలకు ఇవ్వనే ఇవ్వకూడదు.

ఫ్రిజ్ మీద కాగితం

నేను స్కూల్లో ఉన్నంతసేపు బాబుని చూసేది మా అత్తయ్య. ముగ్గురు పిల్లల్ని పెంచిన చెయ్యి. ఆవిడ తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. ఇంగ్లీష్ రాదు. మందు సీసా మీద ఉన్నదంతా ఇంగ్లీషే. అంటే మా ఇంట్లో పగలు మందు వేసే మనిషికి ఆ సీసా ఏం చెబుతుందో తెలియదు. మీలో చాలామంది ఇళ్ళలో కూడా ఇదే పరిస్థితి ఉంటుందనుకుంటాను. అమ్మమ్మో, నాయనమ్మో, ఆయా అమ్మో పిల్లల్ని చూస్తారు. లేబుల్ మాత్రం ఉద్యోగానికి వెళ్ళిపోయిన మనకు అర్థమయ్యే భాషలో ఉంటుంది.

అందుకని రెండు పనులు చేశాను. సీసా మీద తెల్ల ప్లాస్టర్ అంటించి, "జ్వరం మందు. 5 గీత దాకా. మళ్ళీ ఆరు గంటలయ్యాకే" అని తెలుగులో రాశాను. దాని పక్కన ఒక చిన్న నోట్‌బుక్ పెట్టాను. మందు ఎప్పుడు వేశారు, ఎన్నిసార్లు తాగాడు, ఎన్నిసార్లు తడిపాడు, ఎవరు చూస్తే వాళ్ళు టైముతో సహా రాయాలి. స్కూల్లో మేము డైరీ రాసినట్టే. ఆ నోట్‌బుక్ వల్ల "మీరు వేశారేమో అనుకున్నాను", "నువ్వు వేశావేమో అనుకున్నాను" అన్న గొడవే లేకుండా పోయింది.

రెండోది, ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాను. ఆ రాత్రి నేనూ అత్తయ్యా కలిసి కూర్చుని రాసిందది. ఆవిడకు తెలిసిన చిట్కాలన్నీ ఒక్కొక్కటి చెప్పారు. నేను డాక్టరు గారిని అడిగి వచ్చిన జవాబులు పక్కన పెట్టాను. కొన్ని ఉంచాం, కొన్ని తీసేశాం.

ఉంచినవి ఇవి. గోరువెచ్చని పలచటి చారన్నం, పప్పుకట్టు, రాగిజావ, ఏది తాగితే అది, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు. పాలు పట్టే ముందు, పడుకోబెట్టే ముందు ముక్కులో రెండేసి ఉప్పునీటి చుక్కలు. ఒక నిమిషం ఆగి, మెత్తని నూలు గుడ్డతో తుడవడం. రాత్రి దగ్గుకి అర చెంచా తేనె. బాబుకి ఏడాది దాటింది కాబట్టి తేనె వేయవచ్చన్నారు డాక్టరు. ఏడాది లోపు పిల్లలకు మాత్రం తేనె నాకించను కూడా నాకించకూడదు. బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఆరు నెలల లోపు పిల్లలకైతే జావ, నీళ్ళు ఏవీ వద్దు. తల్లిపాలే మళ్ళీ మళ్ళీ పట్టాలి. తల్లికి జలుబు ఉన్నా పాలు మానక్కర్లేదు, చేతులు కడుక్కుని మాస్కు పెట్టుకుంటే చాలు.

తీసేసినవి ఇవి. స్నానం తరువాత సాంబ్రాణి పొగ. పసుపుకొమ్ము కాల్చి పొగ పట్టడం. ఏ పొగైనా వాచిన ముక్కును, గొంతును ఇంకా రేపుతుంది. కర్పూరం రాయడం కూడా తీసేశాం, పసివాళ్ళకు అది విషం. ముక్కులో నూనె చుక్కలు వేయడం వద్దనుకున్నాం, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆవిరి పట్టడమూ వద్దు, మరిగే నీళ్ళ గిన్నె దగ్గర పాకే పిల్లవాడు ఉంటే జలుబుకంటే పెద్ద ప్రమాదం అదే. జ్వరం ఉన్నప్పుడు స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసి చుట్టడం కూడా మానేశాం.

సాంబ్రాణి దగ్గర అత్తయ్య కాస్త ఆగారు. "మీ ఆయన్నీ, ఆడపడుచుల్నీ ఆ పొగలోనే పెంచానమ్మా" అన్నారు. "మీరు బాగానే పెంచారు అత్తయ్యా, ఊపిరి బాగున్నప్పుడు సంగతి తరువాత చూద్దాం, ఈ వారం ముక్కు మూసుకుపోయింది కదా" అన్నాను. "సరే, ఈ వారానికి దేవుడి గదికే పరిమితం" అని ఆవిడే కాగితం మీద రాశారు.

ఒక్క నిమిషం లెక్క

మా పిన్ని మా అమ్మవాళ్ళ ఊళ్ళో ఆశా కార్యకర్త. నేను బీఎడ్ చేశాను, ఆవిడ పదో తరగతి. ఈ విషయంలో మాత్రం ఆవిడే నాకు టీచర్. మూడో రోజు రాత్రి బాబుకి జ్వరం 101 చూపించింది. ఊపిరి తీసుకుంటుంటే గుర్రుగుర్రుమని శబ్దం. ఫోన్ చేశాను.

"ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చూడాలమ్మా. నిద్రపోతుంటే మరీ మంచిది. చొక్కా పైకెత్తు. పొట్ట పైకి లేచి కిందికి దిగితే ఒకటి. గడియారం ముందు పెట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టు. అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేయొద్దు. పసిపిల్లల ఊపిరి ఒకలా ఉండదు" అంది పిన్ని.

ఎంత ఉంటే ఎక్కువ అని అడిగాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలతలు ఆవిడకు కంఠతా వచ్చు. రెండు నెలల లోపు పిల్లలకు నిమిషానికి 60, ఆ పైన. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఆ పైన. ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40, ఆ పైన. దీన్ని వేగంగా ఊపిరి తీసుకోవడం అంటారు. అలా ఉంటే న్యుమోనియా ఏమోనని చూపించాలి. దాంతోపాటు, ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోతుందేమో చూడాలి. మన ఊళ్ళలో దాన్నే డొక్కలు ఎగరేయడం అంటాం. అది కనిపిస్తే ఇంక ఆలోచించకుండా ఆసుపత్రికి బయల్దేరాలి. న్యుమోనియా వల్ల పసిపిల్లలు చనిపోకుండా చూడటానికి కేంద్రం 2019లో సాన్స్ పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. పల్లెల్లో ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి తల్లులకు చెప్పేది ఈ నిమిషం లెక్కే. లక్షల్లో ఫీజులు కట్టే మనకు ఇది ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు.

జ్వరం మందు వేసి, అరగంట ఆగి, వాడు నిద్రలోకి జారాక లెక్కపెట్టాను. నలభై నాలుగు. మావారిని లెక్కపెట్టమన్నాను. నలభై ఐదు. డొక్కలు ఎగరేయడం లేదు. "నలభై దాటింది కదా, చూపించేయండి. డ్యూటీ డాక్టరు ఉంటారుగా, తెల్లారేదాకా ఎందుకు" అంది పిన్ని. టైము పదకొండు. బండి తీశాం.

మందులు రాయని డాక్టరు

డ్యూటీ డాక్టరు చిన్నవాడే, నా ఈడువాడే ఉంటాడు. స్టెతస్కోపు పెట్టి రెండు వైపులా విన్నాడు. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టాడు. 96 ఉంది. మా ముందే పాలు పట్టమన్నాడు. ఎంత తాగాడో, తాగుతూ ఎన్నిసార్లు ఆగాడో చూశాడు. తరువాత చెప్పాడు. ఊపిరితిత్తుల్లో సన్నటి గాలిగొట్టాలు వాచాయి. దీన్ని బ్రాంకియోలైటిస్ అంటారు. ఇదీ వైరస్ వల్లే. సాధారణంగా మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా ఎక్కువగా ఉండి, తరువాత నెమ్మదిగా తగ్గుతుంది. గంటసేపు అక్కడే ఉంచి మళ్ళీ చూసి, ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. కాగితం మీద రాసింది పారాసిటమాల్, ముక్కు చుక్కలు, అంతే.

"యాంటీబయాటిక్ ఏమీ రాయలేదేంటండీ?" అని అడిగారు మావారు.

"యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద పనిచేస్తుందండి. వైరస్‌ని ఏమీ చేయదు. ఇప్పుడు వేస్తే విరేచనాలు పట్టుకోవచ్చు. రేపు నిజంగా అవసరమైనప్పుడు పనిచేయకుండా పోవచ్చు" అన్నాడు. ముక్కులోంచి పచ్చగా వస్తోందని నేను చెప్పాను. జలుబులో ముందు నీళ్ళలా కారి, తరువాత చిక్కబడి పసుపుగా, పచ్చగా మారడం మామూలేనని, రంగుని బట్టి యాంటీబయాటిక్ వేయరని చెప్పాడు.

దారిలో మావారికి ఏదో వెలితి. ఇంత రాత్రి పూట వచ్చి, ఫీజు కట్టి, ఒట్టి చేతులతో వెళుతున్నాం అన్నట్టు. నాకు మాత్రం మన పేరెంట్స్ మీటింగ్ గుర్తొచ్చి నవ్వొచ్చింది. "ఈ వారం హోమ్‌వర్క్ ఏమీ ఇవ్వలేదేంటి మేడమ్, క్లాసులో ఏమైనా చెప్పారా లేదా?" అని మమ్మల్ని అడుగుతుంటారు. నోట్‌బుక్ నిండితేనే చదువు చెప్పినట్టు, చీటీ నిండితేనే వైద్యం చేసినట్టు. ఆ డాక్టరు మా పిల్లవాడి కోసం గంటన్నర వెచ్చించాడు. ఊపిరి విన్నాడు, తాగడం చూశాడు, ఏం జరుగుతుందో ముందే చెప్పాడు, ఎప్పుడు పరిగెత్తుకు రావాలో చెప్పాడు. మేం ఫీజు కట్టింది దానికే అనుకుంటే వెలితి ఉండదు.

ఆయన చెప్పిన గుర్తులు, పిన్ని చెప్పినవి కలిపి ఫ్రిజ్ మీది కాగితం కింద ఎర్ర ఇంకుతో రాశాను. మీరు కూడా రాసుకోండి.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి:
పాలు, నీళ్ళు తాగలేకపోవడం.
తాగిందంతా కక్కేయడం.
డొక్కలు ఎగరేయడం, మూలగడం.
ఊపిరి లెక్క వయసుకు చెప్పిన అంకెకు చేరడం, దాటడం.
పెదవులు, నాలుక నీలంగా మారడం.
మగతగా పడి ఉండటం, లేపినా సరిగా లేవకపోవడం, ఫిట్స్ రావడం.
రోజూ తడిపే దాంట్లో సగం కూడా తడపకపోవడం.
మూడు నెలలలోపు పిల్లలకైతే 100.4 డిగ్రీలు, ఆ పైన ఏ జ్వరమైనా.

రాత్రి డ్యూటీ ఎవరిది?

నాలుగో రోజు నాకు సెలవు దొరికింది. ఐదో రోజు మావారు పెట్టారు. రాత్రి పది నుంచి రెండు దాకా ఆయన, రెండు నుంచి ఆరు దాకా నేను. పగలు అత్తయ్య పడుకునేలా చూశాం. మొదటి రాత్రి ఆయన "నాకు ఊపిరి లెక్కపెట్టడం రాదు, నువ్వే చూడు" అన్నారు. "ఒకటి నుంచి నలభై దాకా లెక్కపెట్టడం మా ఎల్‌కేజీ పిల్లలకు కూడా వచ్చు" అన్నాను. మూడో రాత్రికి నన్ను లేపకుండానే ముక్కు చుక్కలు వేసి, తుడిచి, పాలు పట్టి, నోట్‌బుక్‌లో రాసి పడుకోబెట్టేశారు. 12.40, 36, తాగాడు, అని ఆయన దస్తూరీలో ఉన్న ఆ లైను నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

నాన్నలకు ఒక మాట. జలుబు చేసిన బిడ్డకు మందు దాదాపు ఏమీ లేదు. అంటే చేయడానికి పని లేదని కాదు. మేలుకుని ఉండటం, ఎత్తుకుని తిప్పడం, చూడటం, లెక్కపెట్టడం, ఇదే వైద్యం. అది ఒక్క మనిషి వారం రోజులు చేయగలిగింది కాదు. నిద్ర లేని తల్లికి నలభై రెండు, ముప్పై రెండు ఒకేలా కనిపిస్తాయి.

ఆరో రోజు లెక్క ముప్పై నాలుగుకి దిగింది. ఏడో రోజు వాడు సోఫా పట్టుకుని నిలబడి, నా స్కూల్ బ్యాగులోంచి సుద్దముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. దగ్గు ఇంకో పది రోజులు ఉంది. దానికి మేం ఏ మందూ వేయలేదు.

స్కూల్లో మనం చేయగలిగింది

జలుబు చేసిన పిల్లలందరినీ ఇంట్లో కూర్చోబెట్టమని నేను అడగను. పైన వేసిన లెక్క ప్రకారం అలా చేస్తే చదువు సాగదు. ముక్కు కారుతున్నా జ్వరం లేకుండా, తింటూ, ఆడుకుంటూ ఉన్న పిల్లవాడిని పంపండి. జేబులో రెండు రుమాళ్ళు పెట్టండి. తుమ్ము వస్తే మోచేతి మడతలోకి తుమ్మడం మేం క్లాసులో నేర్పుతున్నాం, ఇంట్లో మీరూ అలాగే చేయండి. పిల్లలు మన మాట కంటే మన చేతల్ని త్వరగా నేర్చుకుంటారు.

జ్వరం ఉన్న పిల్లవాడిని మాత్రం పంపకండి. మందు వేయకుండా ఒక రోజంతా, అంటే 24 గంటలు, జ్వరం రాకుండా ఉన్నాకే పంపండి. పొద్దున్న పారాసిటమాల్ వేసి పంపిన బిడ్డ పన్నెండింటికల్లా బెంచీ మీద తల వాల్చేస్తాడు. మీకు ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా నేను పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఆ లోపు చుట్టుపక్కల నలుగురికి అంటుతుంది. ఆ నలుగురిలో ఎవరింట్లోనో రెండు నెలల చెల్లెలు ఉంటుంది. నెలాఖరున ఇచ్చే ఫుల్ అటెండెన్స్ స్టార్ విలువ మా పిల్లలకు చాలా పెద్దదని నాకు తెలుసు. దాని కోసం జ్వరంతో వచ్చి, "మిస్, ఇంటికి పంపొద్దు" అని ఏడ్చినవాళ్ళు ఉన్నారు. నా క్లాసులో డాక్టరు చీటీతో సెలవు పెట్టిన పిల్లలకు కూడా స్టార్ ఇస్తున్నాను. పోయిన యూనిట్ టెస్ట్ వచ్చాక రాయిస్తాను. పోయిన పాఠం నేను చెబుతాను.

ఇంట్లో చంటిపిల్లలు ఉన్నవాళ్ళు ఇంకొక్క అలవాటు చేయండి. స్కూల్ నుంచి రాగానే పెద్దవాడు యూనిఫామ్ మార్చుకుని, సబ్బుతో ఇరవై అంకెలు లెక్కపెట్టేంతసేపు చేతులు కడుక్కుని, ఆ తరువాతే చెల్లినో తమ్ముడినో ముట్టుకోవాలి. నేనూ అదే చేస్తున్నాను. టీకాల కార్డు కూడా ఒకసారి తీసి చూడండి. న్యుమోనియా నుంచి కాపాడే న్యుమోకాకల్ టీకా మన ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఉచితంగానే ఇస్తారు, ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు. ఫ్లూ టీకా ఆరు నెలలు దాటిన పిల్లలకు వేయించవచ్చు. మీ పిల్లల డాక్టరుని అడగండి.

సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయి. అందరం ఊళ్ళకు వెళ్తాం. పసివాళ్ళను చూడగానే ఎత్తుకుని బుగ్గలు ముద్దుపెట్టుకునే చుట్టాలు పదిమంది ఉంటారు. వాళ్ళలో ఒకరిద్దరికి రొంప ఉండనే ఉంటుంది. "జలుబు తగ్గాక ఎత్తుకుందురు గాని బాబాయ్ గారూ, ముందు భోంచేయండి" అని నవ్వుతూ చెప్పేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. బ్యాగులో థర్మామీటరు, ఉప్పునీటి చుక్కలు, మీ డాక్టరు రాసిన కొలతతో జ్వరం మందు పెట్టుకోండి. సీసా మీద ఆ కొలతను తెలుగులో రాసి ఉంచండి. అక్కడ రాత్రిపూట బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చునేది అమ్మమ్మే కదా.

— ఒకటో తరగతి ఇంగ్లీష్ టీచర్, ప్రైమరీ విభాగం